దుకాణం తెరుస్తున్న నీకు

చిరంజీవికి పెద్దనాన్న దీవెనలు.

గుంటూరు మిర్చి యార్డులో సొంతంగా కమీషన్ దుకాణం పెడుతున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. చాలా సంతోషం. దేవునికి లోబడి వ్యాపారం చేయడం ఎలాగో రాయమన్నావట. ప్రార్థన చేసి దుకాణం తెరవాలని నీకు వేరే చెప్పనక్కరలేదు. తెరిచాక కాటా దగ్గర జరిగే సంగతి రాస్తాను.

నా ముప్పయ్యో ఏట ఒక దుకాణంలో గుమస్తాగా ఉన్నాను. పల్నాడు నుంచి ఒక రైతు ముప్పై ఎనిమిది టిక్కీల (సంచుల) మిర్చి తెచ్చాడు. నిగనిగలాడే కాయ. తాలు లేదు, చెమ్మ లేదు. అయినా టిక్కీకి కిలో చొప్పున తరుగు, అంటే బరువులో కోత, రాయమన్నారు యజమాని. రాశాను. ఆ రైతుకు చదువు రాదు. వేలిముద్ర వేసి, అంటిన సిరాను తువ్వాలుకు తుడుచుకుంటూ "అంతా సరిపోయిందా బాబూ?" అని అడిగాడు. సరిపోయిందన్నాను.

ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో "నీ చిత్తము పరలోకమందు నెరవేరుచున్నట్లు భూమియందును" అనే చోట నా గొంతు ఆగిపోయింది. భూమియందు అన్నప్పుడు ఆ కాటా పెట్టిన నేల కూడా అందులోకి వస్తుంది కదా! మీ పెద్దమ్మకు జరిగింది చెప్పాను. "రేపు రాయకండి" అంది, అంతే. మరునాడు రాయనన్నాను. నన్ను అక్కడి నుంచి తీసి గోనెసంచుల లెక్కకు వేశారు, జీతం తగ్గించారు. రెండేళ్ళు చాలా ఇబ్బంది పడ్డాం. లోబడితే వెంటనే లాభం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకు నాయనా.

సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. నాకు ఆ వీలు కూడా లేకపోయింది. ఆ రైతు ఊరు పేరైనా గుర్తుపెట్టుకోలేదు. ఇప్పటికీ ఆ తువ్వాలు కళ్ళ ముందు మెదులుతుంది.

అందుకే సరుకు రాకముందే కొన్ని తీర్మానించుకో. అప్పటికప్పుడు ఆలోచిస్తే మనసు డబ్బు వైపే మొగ్గుతుంది. మచ్చుకు తీసిన కాయలు రైతు సంచిలోకే తిరిగి వెళ్ళాలి. కారణం చూపకుండా తరుగు రాయకూడదు. చదువు రానివారికి చీటీ మొత్తం పైకి చదివి వినిపించాలి. "దొంగత్రాసు యెహోవాకు హేయము" అని సామెతల గ్రంథంలో ఉంది. అక్కడ మినహాయింపులేవీ రాయలేదు.

ధర పెరుగుతుందని సరుకు కోల్డ్ స్టోరేజీలో దాచే ముందు యాకోబు పత్రిక నాలుగో అధ్యాయం చదువు. అందులోని "ప్రభువు చిత్తమైతే" అన్న మాట మనవాళ్ళకు ఊతపదమైపోయింది. నువ్వు ఆ మాట అన్నావంటే, ధర పడిపోయినా బాకీవాళ్ళకు ముఖం చాటేయవని అర్థం ఉండాలి.

ఇంట్లో సంగతి. ఎఫెసీ పత్రికలో భార్యలు లోబడాలన్న వచనం మన మగవాళ్ళందరికీ నోటికి వచ్చు. దాని పై వచనం, "క్రీస్తునందలి భయముతో ఒకనికొకడు లోబడియుండుడి" అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు. భర్త తన్ను తాను అప్పగించుకునేంతగా ప్రేమించాలని కూడా అక్కడే ఉంది. కోడలు లెక్కల్లో తప్పు చూపిస్తే విను. ఆ రోజు మీ పెద్దమ్మ మాట వినకపోతే నేను ఏమైపోయేవాణ్ణో!

దేవుడు చెప్పాడంటూ ఎవరైనా నీ దగ్గర డబ్బు అడిగితే, వాక్యంతో సరిచూసుకోకుండా తల ఊపకు. మనుషులకు భయపడటం వేరు, దేవునికి లోబడటం వేరు.

కొంచెం స్థిరపడ్డాక అన్నీ దేవునికి అప్పగిస్తానన్నావట. 1842లో మన గుంటూరుకు వచ్చేనాటికి అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్‌కు యాభై దగ్గరపడింది. డెబ్బై దాటాక, రాజమండ్రి పనికి మనిషి కావలసి వస్తే మళ్ళీ ఓడ ఎక్కారు. నీకింకా ముప్పై నిండలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక కోడలితో కలిసి భోజనానికి రా. కొత్త లెక్కల పుస్తకం తెచ్చుకో. రైతు పేరుకు, ఊరికి, తరుగు కారణానికి వేరు వేరు గడులు ఉండాలి. ఇద్దరం కూర్చుని గీతలు గీద్దాం.

మీ పెద్దనాన్న