రిపోర్టు నిజమే, పాప నొప్పీ నిజమే

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. పరీక్షలన్నీ నార్మల్ అన్నారనీ, పాప మాత్రం ఆరు నెలలుగా కాళ్ళ నొప్పులంటూనే ఉందనీ, అదంతా బడి ఎగ్గొట్టే వేషాలని ఇంట్లో ఒకరిద్దరు అంటున్నారనీ రాశావు. ముందు ఆ మాట ఆపించు. అది పాప చెవిన పడిందంటే, తన నొప్పి నిజమని నిరూపించుకోవడానికి పిల్ల ఇంకాస్త గట్టిగా మూలగాల్సి వస్తుంది.

మూడు నెలలు దాటినా తగ్గని నొప్పిని డాక్టర్లు దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఎక్స్‌రేలో ఎముక కనిపిస్తుంది గానీ నొప్పి కనిపించదు కదా. ఒక్కోసారి దెబ్బో జబ్బో తగ్గిపోయాక కూడా నరాలు, వెన్నుపాము, మెదడు నొప్పి విషయంలో అతిగా స్పందిస్తూనే ఉంటాయి. అప్పుడు మామూలు కదలిక కూడా నొప్పిగానే తెలుస్తుంది. ఈ సంగతి పాపకి డాక్టరు చేతే చెప్పించు. "నీ కాళ్ళు పాడైపోవడం లేదు, నొప్పి కబురు మోసే నరాలు ఊరికే ఉలిక్కిపడుతున్నాయి" అంటే తొమ్మిదేళ్ళ పిల్లకి బాగానే అర్థమవుతుంది. అసలు టెన్షన్ తగ్గితేనే నొప్పి కూడా కాస్త లొంగుతుంది.

ఇక నీ సంగతి. పొద్దున లేవగానే ఒకసారి, బడి నుంచి రాగానే ఒకసారి, పడుకోబోయేముందు ఒకసారి "నొప్పెలా ఉందమ్మా?" అని అడుగుతున్నావట. ప్రేమే, కాదనను. కానీ అడిగిన ప్రతిసారీ పాప ధ్యాస మళ్ళీ కాళ్ళ మీదికే పోతుంది. బడిలో ఏం జరిగింది, ఎవరితో ఆడుకుంది, అవి అడుగు. నొప్పి గురించి తనే చెబితే శ్రద్ధగా విను, నమ్ము, తర్వాత మాట మార్చు.

మా రెండోదానికి చిన్నప్పుడే కీళ్ళవాతం వచ్చింది. పొద్దున్నే వేళ్ళు బిగుసుకుపోయేవి. చొక్కా గుండీ బొటనవేలి కింద జారిపోతుంటే పెదవి కొరుక్కుని మళ్ళీ పట్టుకునేది. నేను చెయ్యి చాపితే చాలు, మొహం ముడుచుకునేది. అందుకే కాస్త ముందుగా లేపి, గోరువెచ్చటి నీళ్ళలో చేతులు పెట్టించి, గుండీల పని దానికే వదిలేసేదాన్ని. ఆలస్యమయ్యేది, అయితే అయింది.

నువ్వు "నొప్పి తగ్గాక బడికి పంపుతాను" అన్నావు చూడు, అక్కడే నాకు నచ్చలేదు. చాలామంది పిల్లల్లో వరస దీనికి తిరగబడి ఉంటుంది: ముందు నడక, ఆట, బడి, నిద్ర దారిలో పడతాయి, నొప్పి ఆ తర్వాత నిదానంగా తగ్గుతుంది. మొదట సగం పూట పంపు. మధ్యలో లేచి కాళ్ళు సాచుకోనివ్వమని టీచరుతో చెప్పు. తప్పక ఇంట్లో ఉండాల్సి వస్తే ఆ రోజంతా టీవీ, ఫోను పండగ కాకూడదు.

బాగున్న రోజున ఒళ్ళు మరిచి ఆడేసి, మర్నాడు మంచం పట్టే పిల్లలుంటారు. మీ పాపా అలాగే చేస్తోందని నీ ఉత్తరంలోనే తెలుస్తోంది. ఫిజియోథెరపిస్టుని అడిగి రోజుకింత అని పెట్టుకోండి. పదిహేను నిమిషాల నడక అనుకుంటే, హుషారుగా ఉన్నా పదిహేనే, నీరసంగా ఉన్నా ఆగి ఆగి అయినా అంతే. కొన్నాళ్ళకి కొంచెం పెంచండి. పొట్ట నిండా నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం నొప్పి లేనప్పుడే నేర్పించు, నొప్పి పుట్టాక కొత్త విద్య ఎక్కదు.

మందులు డాక్టరు రాసినవే, బరువుకి తగ్గ మోతాదులోనే. పెద్దవాళ్ళ ఆస్పిరిన్ విరిచి పెట్టడం లాంటివి వద్దే వద్దు, పిల్లలకది ప్రమాదం.

నార్మల్ అన్నారు కదా అని పూర్తిగా నిశ్చింతగా ఉండకు. కీలు వాచినా, రాత్రిళ్ళు నొప్పితో నిద్ర లేస్తున్నా, జ్వరం విడవకపోయినా, బరువు తగ్గినా మళ్ళీ తీసుకెళ్ళు. కాలు పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా ఆ రోజే వెళ్ళాలి.

ఈసారి డాక్టరు దగ్గర పాప బదులు నువ్వు జవాబు చెప్పకు. నొప్పి ఎంతో చూపించడానికి పిల్లల కోసం ముఖాల బొమ్మల కార్డు ఉంటుంది, పాపనే దాని మీద వేలు పెట్టి చూపించనివ్వు. నువ్వు చెప్పాల్సింది కాగితం మీద రాసుకెళ్ళు. సగం పూట గురించి బడివాళ్ళు ఏమన్నారో నాకు రాయి.

మీ పెద్దమ్మ