కాయిలోవర్లు: ఎత్తు కన్నా ముందు డ్యాంపరు

ప్రశ్న: నా పోలో జీటీ టీఎస్‌ఐని అప్పుడప్పుడు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌పై నడుపుతాను. మిగతా రోజుల్లో అనంతపురంలోనే వాడతాను. కాయిలోవర్లను దేన్ని చూసి ఎంచుకోవాలి?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాయిలోవరంటే డ్యాంపరు (స్ప్రింగు ఊగిసలాటను అణిచే షాక్ అబ్సార్బరు) చుట్టూ స్ప్రింగును అమర్చిన, కారు ఎత్తును మార్చుకునే వీలున్న సస్పెన్షన్ భాగం. కారు ఎంత కిందికి దిగుతుందన్నది చివర చూడవలసిన విషయం. స్ప్రింగు గట్టిదనాన్ని మిల్లీమీటరుకు ఇన్ని కిలోలని చెబుతారు. ఆ అంకె పెరిగేకొద్దీ, నొక్కుకుపోయిన స్ప్రింగు తిరిగి విచ్చుకునే వేగాన్ని అదుపు చేయగల రీబౌండ్ శక్తి డ్యాంపరులో ఉండాలి, లేకపోతే ఎగుడుదిగుడు మలుపులో టైరు పట్టు తప్పుతుంది. అందువల్ల డ్యాంపరు ఏ వేగంలో ఎంత బలం చూపుతుందో తెలిపే పరీక్ష గ్రాఫును చూపించగల తయారీదారునే నమ్మండి. డ్యాంపరు గట్టిదనాన్ని మార్చుకోవడానికి ఎన్ని క్లిక్కుల (మెట్ల) సర్దుబాటు ఉందన్న ప్రచారం కన్నా నా దృష్టిలో ఆ గ్రాఫే విలువైనది. వరుస ల్యాపుల్లో పుట్టే వేడిని మోనోట్యూబు (ఒకే గొట్టం ఉండే) డ్యాంపరు త్వరగా వదిలించుకుంటుంది.

మీ కారు ముందు భాగంలో మెక్‌ఫర్సన్ స్ట్రట్లు (స్ప్రింగు, డ్యాంపరు ఒకే నిలువు భాగంగా ఉండే అమరిక) ఉన్నాయి. లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి కారుకు కలిపే చేయి) చక్రం వైపు పైకి తిరిగేంతగా కారును దించితే రోల్ సెంటర్ (మలుపులో కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో అది) బాగా పడిపోతుంది, దానివల్ల కారు మరింత ఒరిగి గట్టి స్ప్రింగులతో వచ్చిన లాభం చాలావరకు పోతుంది. పైగా ఊళ్లోని స్పీడ్ బ్రేకర్ల మీద అడుగుభాగం గీసుకుంటుంది. వెనుక టార్షన్ బీమ్ (రెండు వెనుక చక్రాలను కలిపే, మెలితిరగగల దూలం) కావడంతో అక్కడ స్ప్రింగు, డ్యాంపరు విడివిడిగానే ఉంటాయి.

బిగించాక వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. డ్యాంపర్లను విప్పి సీళ్లు, నూనె మార్చే సర్వీసు మన దేశంలో దొరుకుతుందో లేదో డబ్బు కట్టకముందే రాతపూర్వకంగా తెలుసుకోండి.