మొదటి కాన్పు సిజేరియన్.. ఈసారి సాధారణ కాన్పుకు ప్రయత్నించవచ్చా?

ప్రశ్న: నా వయసు 28. మూడేళ్ల క్రితం బిడ్డ ఎదురుకాళ్లతో ఉందని సిజేరియన్ చేశారు. ఇప్పుడు ఏడో నెల. సాధారణ కాన్పు కావాలని నాకుంది. పాత కుట్లు విడిపోతాయని ఇంట్లోవాళ్లు భయపడుతున్నారు. పురిటికి పుట్టింటికి వెళ్లాలి. ఏం చేయమంటారు?

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ప్రయత్నించడానికి అవకాశం బాగానే ఉంది. ఒక్కసారే సిజేరియన్ అయి, గర్భసంచి కింది భాగంలో అడ్డకోత పెట్టినవారు సాధారణ కాన్పుకు ప్రయత్నిస్తే నూటికి 60 నుంచి 80 మందికి అది సఫలమవుతోంది. పైగా మీకు ఆపరేషన్ చేసింది బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నందుకే గానీ, నొప్పులు వచ్చాక కాన్పు ముందుకు సాగక కాదు. ఈసారి బిడ్డ తల కిందికి ఉంటే ఆ కారణమే ఉండదు. మూడేళ్ల ఎడం కూడా మీకు అనుకూలమే.

ఇంట్లోవాళ్ల భయం ఉత్తిది కాదు. మీలాంటివారిలో దాదాపు 200 మందికి ఒకరిలో నొప్పుల సమయంలో గర్భసంచిపై పాత కోత విచ్చుకోవచ్చు. అరుదే అయినా అలా జరిగితే తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం, వెంటనే ఆపరేషన్ చేసి తీరాలి. అందుకే కాన్పు ఎలా అన్నదానికంటే ఎక్కడ అన్నది ముందు తేల్చుకోండి. పుట్టింటి ఊళ్లోని ఆసుపత్రిలో మత్తు డాక్టర్, ఆపరేషన్ థియేటర్, రక్తం రాత్రీపగలూ అందుబాటులో ఉంటాయా, నొప్పులు సాగినంతసేపూ బిడ్డ గుండె చప్పుడును గమనిస్తారా అని అడగండి. సమాధానం తడబడితే పురిటికి వేరే ఊరు చూసుకోవడమే మంచిది.

పాత డిశ్చార్జి సమ్మరీ వెతికి డాక్టర్‌కు చూపించండి. పొట్టమీది మచ్చ అడ్డంగా ఉన్నంత మాత్రాన లోపల గర్భసంచిపై కోత కూడా అడ్డంగానే ఉందని చెప్పలేం. గర్భసంచి పైభాగంలో నిలువుకోత పెట్టి ఉంటే సాధారణ కాన్పు ఆలోచన మానుకోవాలి. మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డుగా ఉన్నా అంతే.

నొప్పులు వాటంతట అవే వస్తే మేలు. మందులతో రప్పిస్తే కోత విచ్చుకునే ముప్పు పెరుగుతుంది, కొన్ని మందులు మీకు అసలే వాడకూడదు.

మళ్లీ సిజేరియనే కావాలనుకున్నా తప్పేమీ లేదు. ఇబ్బందులేవీ లేకపోతే 39 వారాలు నిండాక చేస్తారు. ముహూర్తం కోసం అంతకంటే ముందుకు జరిపితే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావచ్చు కాబట్టి నేను దానికి ఒప్పుకోను. ఇంకా పిల్లలు కావాలనుకుంటే మాత్రం ఒక్క మాట: సిజేరియన్ల సంఖ్య పెరిగేకొద్దీ తర్వాతి గర్భంలో మాయ పాత కోతకు అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది.

36వ వారంలో బిడ్డ తల ఎటు ఉందో చూపించుకుని, అప్పుడు మీ డాక్టర్‌తో కలిసి నిర్ణయించుకోండి. నొప్పులు మొదలైనా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, కోత దగ్గర విడవకుండా నొప్పి ఉన్నా ఇంట్లో వేచి చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.