నెగటివ్ అంటే "లేదు", అంతే

నెగటివ్ అనే మాటకు తెలుగులో సరైన అర్థం ఏమిటి, రోజూ ఎలా వాడతాం అని అడిగారు. నా జవాబు ఒక్క మాట: "లేదు". నిఘంటువుల్లో ప్రతికూలం, వ్యతిరేకం, రుణాత్మకం అని ఉంటాయి. అవి పుస్తకాల్లో రాసుకోవడానికి బాగానే ఉంటాయి. ఆస్పత్రి వరండాలో నిలబడి ఉన్నవాళ్ళకి మాత్రం ఉందో లేదో తెలిస్తే చాలు. 2004లో మా అక్క పురుడప్పుడు ఈ సంగతి నాకు బాగా తెలిసొచ్చింది.

తొలికాన్పు కాబట్టి అక్క మా ఇంటికే వచ్చింది. నరసరావుపేటలో ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో తెల్లవారుజామున పాప పుట్టింది. కబురు అందగానే బావ, అత్తయ్య వినుకొండ నుంచి వచ్చేశారు. పది గంటలప్పుడు నర్సు బయటికొచ్చి, "పాపకి పాజిటివ్ వచ్చిందండీ. తల్లికి నెగటివ్ కదా, ఇంజెక్షన్ తెచ్చుకోవాలి, మూడు రోజుల్లోపు పడాలి" అని చీటీ నా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

అప్పట్లో పాజిటివ్ అంటే జనానికి ఒకటే తెలుసు. "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని రాష్ట్రమంతా హోర్డింగులు పెట్టిన రోజులవి. అత్తయ్య చేతుల్లో ఉన్న పాపని మా అమ్మ ఒళ్ళో పెట్టేసి, గోడకి ఆనుకుని కూలబడింది. "ఏమైంది వదినగారూ?" అని అమ్మ ఎంత అడిగినా పలకలేదు. చాలాసేపటికి బావ వైపు చూసి, "మనింట్లో ఎవరికీ లేదురా" అంది. బావ తలెత్తలేదు.

ఆ మాటలో ఉన్న అనుమానం నాకు అప్పుడు అర్థం కాలేదు. చీటీ పట్టుకుని మందుల షాపులన్నీ తిరిగాను. ఆ ఇంజెక్షన్ ఊళ్ళో దొరకలేదు. బస్సెక్కి గుంటూరు వెళ్ళి, రెండు వేలకు పైగా పోసి కొన్నాను. చల్లగా ఉంచాలన్నారని ఐసు ముక్కలు వేసిన ఫ్లాస్కులో పెట్టుకుని, దాన్ని ఒళ్ళో పట్టుకుని కూర్చుని తిరిగొచ్చేసరికి సాయంత్రం ఐదయింది. అప్పటిదాకా బావ గదిలోకి వెళ్ళలేదు. ఆడపిల్ల పుట్టిందని అందరూ ముఖం చాటేశారనుకుని అక్క ఒకటే ఏడుపు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో తిప్పినట్టుంటుంది.

రౌండ్స్‌కి వచ్చిన డాక్టరమ్మ రెండు నిమిషాల్లో చెప్పేసింది. అక్కది ఓ నెగటివ్, పాపది ఓ పాజిటివ్. రక్తంలో ఎర్ర కణాల మీద డి అనే పదార్థం ఒకటి ఉంటుంది. ఉన్నవాళ్ళు పాజిటివ్, లేనివాళ్ళు నెగటివ్. మన దేశంలో నెగటివ్ వాళ్ళు నూటికి సుమారు ఐదుగురే. తల్లికి లేనిది బిడ్డకి ఉంటే, కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంచెం తల్లి రక్తంలో కలిసి, ఆమె ఒంట్లో దానికి విరుగుడు తయారవుతుంది. ఈ బిడ్డకి ఏమీ కాదు, తర్వాత పుట్టే బిడ్డది కూడా పాజిటివ్ అయితే, ఆ విరుగుడు వల్ల ఆ బిడ్డకే ప్రమాదం. అది జరగకుండా కాన్పయిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. ఇందులో రోగం లేదు, ఎవరి తప్పూ లేదు. 2007లో పుట్టిన మా మేనల్లుడు ఆ ఫ్లాస్కులో తెచ్చిన మందు చలవే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ రాత్రి అక్క ఫైలు మొత్తం చదివాను. మొదటి కాగితంలో మూత్ర పరీక్ష పాజిటివ్, ఆ రోజు రెండిళ్ళలోనూ స్వీట్లు పంచారు. తర్వాత హెచ్‌ఐవి నెగటివ్, అదీ మంచి వార్తే. దాని కిందే బ్లడ్ గ్రూపు నెగటివ్, అది మంచీ కాదు, చెడ్డా కాదు. ఒకే ఫైలులో ఒకే మాట ఇన్ని రకాలుగా ఉంటే, బడి ముఖం చూడని మనిషి ఏమని అర్థం చేసుకోవాలి? రిపోర్టు మీద తెలుగులో "ఉంది", "లేదు" అని ఒక ముక్క రాయడానికి ల్యాబులకి వచ్చిన ఇబ్బంది ఏమిటి? డబ్బులు మన దగ్గర తీసుకుని, చెప్పేది మాత్రం మనకి రాని భాషలో. నాకు దీని మీద చాలా కోపం.

లెక్కల్లోనూ నా అర్థమే నిలుస్తుంది. బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, ఋణం అని రెండు రకాల సంఖ్యలకు సూత్రాలు రాశాడు. మన బళ్ళలో ఈరోజుకీ ధన సంఖ్యలు, రుణ సంఖ్యలు అనే చెబుతాం. అప్పు అంటే చేతిలో లేని డబ్బే కదా! అసలు ఇంగ్లీషు మాట పుట్టిన లాటిన్ క్రియకి కూడా "కాదు" అనడమనే అర్థం. ఫొటో స్టూడియో వాళ్ళ నెగటివ్ ఒక్కటే వేరు, అక్కడ తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా తిరగబడుతుంది.

ఇక టీవీల్లో చెప్పే "నెగటివ్ ఎనర్జీ" ఈ మాటని పూర్తిగా పాడుచేసింది. ఇంట్లో ఎవరైనా చీటీపాట వాడు నమ్మకస్తుడేనా, పెళ్ళికి అంత అప్పెందుకు అని అడిగితే చాలు, "నెగటివ్‌గా మాట్లాడకు" అని నోరు మూయిస్తున్నారు. ప్రశ్న అడగడం చెడు ఎలా అవుతుంది? అలా నోరు మూయించిన ఇళ్ళే తర్వాత అప్పుల్లో పడటం నేను చూశాను.

కరోనా వచ్చాక పల్లెల్లో కూడా "నెగటివ్ వచ్చింది" అంటే ఊపిరి పీల్చుకోవడం నేర్చుకున్నారు. 2021 మేలో అత్తయ్యకి జ్వరం వచ్చి పరీక్ష చేయించారు. ఫోన్‌కి మెసేజ్ రాగానే బావకంటే ముందు నాకే ఫోన్ చేసింది.

"నెగటివ్ అన్నారు బాబూ. అంటే లేదనేగా?"

"లేదనే అత్తయ్యా."