ఎక్స్‌రే బాగుందంటున్నారు, మోకాలు మాత్రం జారుతోంది: మళ్లీ కబడ్డీ ఆడాలంటే?

ఆమదాలవలస వైపు సంక్రాంతి పోటీల్లో కూతకెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు మీ తమ్ముడి మోకాల్లో ‘టప్’మందని, సాయంత్రానికి బూరెలా వాచిందని, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారని రాశారు. ఇప్పుడు మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతోంది, జట్టువాళ్లేమో నటిస్తున్నాడంటున్నారు. అది నటన కాదు. శబ్దం, కొన్ని గంటల్లోనే వాపు, తర్వాత మోకాలు జారడం: ఈ మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది ఏసీఎల్ లిగమెంట్ (మోకాలి లోపల తొడ ఎముకను కింది ఎముకతో కట్టి ఉంచే గట్టి పట్టీ) తెగడాన్నే. ఎక్స్‌రేలో ఎముక కనబడుతుంది, లిగమెంట్ కనబడదు. అంత త్వరగా వాచిందంటే చాలాసార్లు కీల్లోకి రక్తం దిగినట్టే.

శ్రీకాకుళం రిమ్స్ ఎముకల ఓపీలో చూపించి లాక్‌మన్ పరీక్ష అడగండి. మోకాలిని 20–30 డిగ్రీలు వంచి, తొడను ఒక చేత్తో పట్టుకుని, కింది ఎముకను ముందుకు లాగి చూస్తారు. రెండో కాలితో పోల్చి చూడాలి. దెబ్బ తగిలిన కొత్తలో నొప్పికి తొడ వెనక కండరం బిగుసుకుపోయి, తెగిన మోకాలు కూడా గట్టిగానే అనిపిస్తుంది. అందుకే అప్పుడు బాగుందన్నా వాపు తగ్గాక మళ్లీ చూపించాలి. తర్వాత ఎంఆర్ఐ. అందులో మెనిస్కస్ (కీల్లో రెండు ఎముకల మధ్య మెత్తలా ఉండేది) చిరిగిందో లేదో కూడా తెలుస్తుంది. ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవలో వస్తుందో లేదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని ముందే అడగండి. నాటు కట్టు, నూనె మర్దన వద్దు.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. కానీ కబడ్డీలాగా ఒక్కసారిగా మలుపు తిరిగే ఆట ఆడాలనుకుంటూ, మోకాలు జారుతుంటే సాధారణంగా చేయించుకోమనే చెబుతారు. జారిన ప్రతిసారీ మెనిస్కస్ నలుగుతుంది కాబట్టి అప్పటిదాకా ఆట పూర్తిగా మానాలి.

ఎక్కువమందికి చెడేది కాలు చాపడం దగ్గర. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటారు, కాలు అలాగే కొంచెం వంగి బిగుసుకుపోతుంది. దిండు తీసేయండి. చుట్టిన తువ్వాలు మడమ కింద పెట్టి, మోకాలిని గాల్లో వదిలి 10 నిమిషాలు, రోజుకు 3–4 సార్లు. తర్వాత తొడ బిగించి మోకాలిని మంచానికేసి 5 సెకన్లు నొక్కాలి, 10 సార్లు చొప్పున 3 విడతలు. వాపు ఉన్నంతకాలం తొడ ముందు కండరం సరిగా పలకదు. అది బద్ధకం కాదు, వాచిన కీలు ఆ కండరాన్ని అణచిపెడుతుంది. ఆపరేషన్‌కి ముందే కాలు పూర్తిగా చాపగలగాలి, వాపు దిగాలి. ఆ తర్వాత కూడా మొదలు ఇవే. మోకాలు వంగకుండా కాలు లేపగలిగాకే, ఫిజియో చూసి చెప్పాకే చేతికర్రలు వదలాలి.

నేల మరుగుదొడ్డి, బాసింపట్టు సర్జన్ ఒప్పుకునేదాకా వద్దు. మెనిస్కస్‌కి కుట్లు పడితే ఇది మూడు నాలుగు నెలలైనా పట్టొచ్చు. కమోడ్ కుర్చీ ముందే తెచ్చుకోండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆపరేషన్ అయిన మూడు నాలుగు నెలలకు నొప్పి పోతుంది, ఇంక బాగైపోయాననిపిస్తుంది. అప్పటికి తెగిన లిగమెంట్ బదులు లోపల వేసిన గ్రాఫ్ట్ ఇంకా ముదరదు. ‘ఇంకా భయపడుతున్నావా’ అని జట్టు తొందరపెట్టేదీ అప్పుడే. 9 నెలల లోపు పోటీ వద్దు. నెలలు నిండినా కొలత చూడాలి. జిమ్‌లో ఒంటికాలి లెగ్ ప్రెస్ మీద బాగున్న కాలు 50 కిలోలు తోస్తే, దెబ్బ తగిలిన కాలు కనీసం 45 తోయాలి. ఒంటికాలి గెంతు దూరంలోనూ అదే 90 శాతం. ఈ లెక్కలు కాగితం మీద రాసి కోచ్‌కి చూపించండి, మాటలతో వాదించే పని ఉండదు.

కోర్టులోకి వెళ్లడం కూడా వరసగానే: ముందు తిన్నటి పరుగు, తర్వాత మలుపులు, తర్వాత ఎవరూ పట్టుకోని కూత, ఆపైన ఒక్కరే పట్టుకునే కూత. చీలమండ పట్టు, గొలుసు పట్టు అన్నిటికన్నా చివర. మొదట మట్టి కోర్టే మేలు, మ్యాట్ మీద బూటు అతుక్కుని మోకాలు మెలితిరుగుతుంది. మర్నాడు వాపు కనబడితే ముందటి మెట్టుకి దిగి, అది పూర్తిగా తగ్గాకే మళ్లీ పైకి.