అందరి ఫోన్లూ ఆండ్రాయిడ్ 10 ఏనా?

ప్రశ్న: సార్, మాది చిక్కడపల్లిలో పోటీ పరీక్షల పుస్తకాల షాపు. పోయినేడాది వెబ్‌సైట్ పెట్టినం. సర్వర్ లాగ్ నుంచి తీసిన రిపోర్ట్‌లో క్రోమ్‌లో వచ్చిన ఫోన్లన్నీ ఆండ్రాయిడ్ 10 అని, కంప్యూటర్లన్నీ విండోస్ 10 అని ఉంది, విండోస్ 11 ఒక్కటి కూడా లేదు. సైట్ చేసిన తమ్ముడు ఇది చూసి, 10 కన్నా పాత ఫోన్ ఎవ్వరి దగ్గరా లేదన్నా, వాటిల్లో సైట్ రాకున్నా ఏం కాదు అంటున్నడు. నిజమేనా?
– ఒక పాఠకుడు, చిక్కడపల్లి

జవాబు: ఆ 10 అంకెని నమ్మకండి. బ్రౌజర్ సైట్‌కి వస్తూనే తన గురించి ఒక లైన్ చెప్పుకుంటుంది, యూజర్ ఏజెంట్ అంటారు, సర్వర్ దాన్నే రాసి పెట్టుకుంటుంది. ఆ వివరాలు పట్టుకుని జనాల్ని ట్రాక్ చేస్తున్నారని గూగుల్ 2023లో ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఆ లైన్‌ని కుదించేసింది, అప్పట్నుంచి ఫోన్‌లో ఉన్నది 9 అయినా 15 అయినా క్రోమ్ చెప్పేది ఆండ్రాయిడ్ 10 అనే, మోడల్ పేరు ఉండాల్సిన చోట ఉత్త 'కె' అనే అక్షరం. విండోస్ 11 కూడా ఆ లైన్‌లో 'విండోస్ ఎన్‌టీ 10.0' అనే వస్తుంది, అందుకే మీకు విడిగా కనపడలేదు. ఐప్యాడ్ అయితే 2019 నుంచి సఫారీలో మామూలుగా మ్యాక్ అనే చెప్పుకుంటోంది.

కానీ క్రోమ్ వెర్షన్‌లో మొదటి నంబర్ మాత్రం నిజంగానే ఉంటుంది, మీరు చూడాల్సింది దాన్ని. ఆండ్రాయిడ్ 8, 9 ఫోన్లకి క్రోమ్ 138 దగ్గరే ఆగిపోయింది, ఆండ్రాయిడ్ 7 కి 119 దగ్గర, విండోస్ 7, 8.1 ఉన్న సిస్టమ్‌లకి 109 దగ్గర. మిగతావాళ్లది ముందుకి పోతూనే ఉంటుంది, ఈ నంబర్ల మీద కదలకుండా ఉన్నవాళ్లెంతమందో లెక్క తీయించండి. బాట్లు, అంటే మనుషులు కాకుండా వాటంతట అవే సైట్లు తిరిగే ప్రోగ్రాములు, కూడా పాత నంబర్లే చెప్తుంటాయి కాబట్టి ఒక్క పేజీ లాగి పోయినవాటిని వదిలేసి, రెండు మూడు పుస్తకాలు చూసినవాళ్లనే పట్టుకోండి.

తమ్ముడి మాట మాత్రం అస్సలు వినొద్దండీ. మీ దగ్గర కొనేదెవరు, అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి సెంట్రల్ లైబ్రరీలో పొద్దంతా చదువుకునే పిల్లలు, అన్న వాడేసి ఇచ్చిన ఫోన్‌లోనే నోటిఫికేషన్లు చూసుకునేవాళ్లు చాలామంది ఉంటారు వాళ్లల్లో. ఆర్డర్ బటన్ పని చెయ్యకపోతే మీకు ఫోన్ చేసి చెప్పరు, ఊరుకుని పోతారు, పాపం పరీక్ష దగ్గర పడుతుంటే వాళ్లకి టైమెక్కడిది. జగదీష్ మార్కెట్‌లో ఒక సెకండ్‌హ్యాండ్ ఆండ్రాయిడ్ 8 ఫోన్ వెతికి తెచ్చి, వైఫై ఆపేసి, మొబైల్ డేటా మీద మీ సైట్‌లో మీరే ఒక పుస్తకం కొని చూడండి. ఎక్కడ ఆగిపోయిందో ఆ స్క్రీన్ తమ్ముడికి చూపించి ముందు అది బాగు చేయించండి, కవర్ ఫొటోలు ఎంబీల్లో ఉంటే అవీ తగ్గించమనండి.