టెక్ సందేహాలు: పైన మంచు గడ్డ, కింద విరిగిన పాలు

ప్రశ్న: మాది పలాస. ఏడేళ్ల నాటి రెండు తలుపుల ఫ్రిజ్. పైన ఫ్రీజర్‌లో చేపలు రాయిలా గడ్డకడుతున్నాయి. కిందేమో ఉదయం కాచి పెట్టిన పాలు సాయంత్రానికే విరిగిపోతున్నాయి. గ్యాస్ అయిపోయిందని, నింపాలని మెకానిక్ అంటున్నాడు. నింపించమంటారా?

జవాబు: వద్దు, అప్పుడే డబ్బు ఇవ్వకండి. ఫ్రిజ్‌లోని గ్యాస్ వంటింటి సిలిండర్‌లా వాడేకొద్దీ తరిగేది కాదు. మూసిన గొట్టాల్లో ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఎక్కడో చిల్లు పడితేనే పోతుంది. పోతే ఫ్రీజర్ కూడా సరిగా చల్లబడదు. మీ చేపలు రాయిలా ఉన్నాయంటే అనుమానించాల్సింది గ్యాస్‌ను కాదు, గాలిని.

ఇలాంటి ఫ్రిజ్‌లలో చాలావాటికి చల్లదనం పుట్టేది ఒక్కచోటే, ఫ్రీజర్ వెనక పలక లోపలున్న కాయిల్ దగ్గర. అక్కడి గాలిని ఒక చిన్న ఫ్యాన్ సన్నని దారిలో కిందికి తోస్తుంది. కాయిల్ మీద పేరుకునే మంచును అప్పుడప్పుడు ఒక హీటర్ కరిగించాలి. ఆ హీటరో, దాన్ని నడిపే సెన్సరో, టైమరో పనిచేయకపోతే మంచు గోడలా పెరిగి గాలిదారి మూసుకుపోతుంది. ముందుగా దెబ్బతినేది కింది అరే.

ముందు కింది అర వెనక గోడలో ఉండే గాలి రంధ్రం చూడండి. శ్రీకాకుళంలో మా బంధువుల ఇంట్లో దానికి ఆనించి పులుసు గిన్నె పెట్టారు. గిన్నె జరపగానే వేళ్లకు చల్లగాలి తగిలింది. అడ్డేమీ లేకపోతే ఫ్రీజర్ తలుపు తెరిచి, తలుపు స్విచ్‌ను వేలితో నొక్కిపట్టి వినండి. చాలా మోడళ్లలో అప్పుడు ఫ్యాన్ తిరిగే చప్పుడు వస్తుంది. చప్పుడు లేకపోతే ఫ్యాన్‌ను చూపించాలి. చప్పుడు ఉండి, వెనక పలకంతా తెల్లగా మంచు పట్టి ఉంటే ప్లగ్ తీసి, సామాన్లు ఖాళీ చేసి, తలుపులు రెండూ తెరిచి ఒక రోజంతా వదిలేయండి. కింద పాత దుప్పటి పరవండి, నీళ్లు బాగానే వస్తాయి. చాకుతో మాత్రం మంచు పెకలించకండి. గొట్టానికి గాటు పడితే గ్యాస్ నిజంగానే పోతుంది. పైగా కొత్త ఫ్రిజ్‌లలో ఎక్కువగా వాడే ఆర్-600ఏ మండే వాయువు.

ఆ తర్వాత కొన్నాళ్లు బాగా చల్లబడి, మళ్లీ ఇదే పరిస్థితి వస్తే మెకానిక్‌తో ఈ మాటే చెప్పండి: "మంచు కరిగిస్తే పనిచేస్తోంది, డీఫ్రాస్ట్ హీటర్, సెన్సర్, టైమర్ మీటర్ పెట్టి చూడండి."

ప్రశ్న: విజయనగరం నుంచి రాస్తున్నాను. మా ఒంటి తలుపు ఫ్రిజ్‌లో నాన్నగారి ఇన్సులిన్ గడ్డకట్టింది. కరిగాక వాడవచ్చా?

జవాబు: వాడకండి. చూడటానికి మామూలుగానే ఉన్నా గడ్డకట్టిన ఇన్సులిన్‌ను నమ్మలేం. తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఫ్రీజర్ పెట్టె కిందనే ఉన్న అర, వెనక గోడ, రెండూ మరీ చల్లన. నడిమి అరలో, డబ్బాలో, గోడకు తగలకుండా పెట్టండి. సాధారణంగా నాబ్ మీద అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది. వేసవిలో పెంచినదాన్ని చలికాలంలో తగ్గించడం చాలామంది మరిచిపోతారు. గ్లాసు నీళ్లలో థర్మామీటర్ ఉంచి, రాత్రంతా నడిమి అరలో పెట్టి ఉదయం చూడండి. 4 డిగ్రీల దగ్గర ఉంటే సరిపోతుంది. జ్వరం చూసేది పనికిరాదు, ఫ్రిజ్‌కు వాడేదే తీసుకోండి.

ప్రశ్న: తుపానుకు కరెంటు పోతే ఫ్రీజర్‌లో చేపలు ఎంతసేపు ఉంటాయి? (సోంపేట)

జవాబు: 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేక మీ ఉద్దానం పడ్డ పాట్లు తెలిసినవాణ్ని కనుక వివరంగా చెబుతాను. తలుపు తెరవకుండా ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చలి నిలుపుకుంటుంది. కింది అర నాలుగు గంటలే. తుపాను హెచ్చరిక రాగానే ఖాళీ చోటంతా నీళ్ల సీసాలతో నింపి గడ్డకట్టించండి, సీసాల్లో పైన కాస్త వెలితి ఉంచండి. ఒక చిన్న గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టండి. ఇల్లు వదిలి వెళ్లి తిరిగొచ్చాక మొదట ఆ గిన్నె చూడండి. బిళ్ల మంచు మీదే ఉంటే భయం లేదు. అడుగుకు చేరి ఉంటే మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టిందన్నమాట. ఆ చేపలు పారేయండి.